మూడో మెట్టు, చిన్నమ్మ కీర్తన

ముందుగా రూఢి అయిన సంగతులు. భద్రాచలం స్నానఘట్టం దగ్గర, నదికి ఎదురుగా వేసిన వేదిక మీద ఆ సాయంత్రం సంగీత కచేరీ. చలికాలం కావడంతో నీరు బాగా తగ్గి ఉంది. నదిలో చేయి తడుపుకోవాలంటే మెట్లు దిగి ఇసుకలో చాలా దూరం నడవాలి. ప్రధాన గాయకుడికి ముందు పావుగంట పాడే అవకాశం మా చిన్నమ్మకు దక్కింది. ఇక వినికిడి సంగతులు: ఎగువన గేట్లు ఎత్తారని, కింది నుంచి మూడో మెట్టు మునిగిందని, ఒక బర్రె కొట్టుకుపోయిందని. వీటిలో దేనికీ ఆధారం దొరకలేదు. బర్రె యజమాని కూడా దొరకలేదు.

చిన్నమ్మ సారపాకలో ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కింది. ఆ చప్పుడు తన గొంతును కప్పేస్తుందన్న ధైర్యంతోనే పాడుకునేది. అరవై దాటాక సంగీతం టీచరు దగ్గర చేరి, ఒకే ఒక్క కీర్తనను రెండేళ్లు సాధన చేసింది. మిషన్ చప్పుడు లేకుండా ఒక్కసారి పాడి, బాగుందో లేదో తెలుసుకోవాలన్నదే ఆమె కోరిక. తీర్పు చెప్పే బాధ్యత నాకు అప్పగించింది.

"నువ్వు అబద్ధం చెప్పవు బిడ్డా. బాగలేకుంటే బాగలేదను," అన్నది.

మైకుసెట్ భాయ్‌ది తాతల నాటి వ్యాపారం. వరదల కాలంలో అధికారుల తరఫున హెచ్చరికలు చదివేది కూడా ఆయనే. తక్కినవారు మైకును ఒకటి, రెండు అంటూ పరీక్షిస్తారు. ఆయన నోటికి పట్టుబడిన మాటలు వేరు. చిన్నమ్మ వేదిక మీద కూర్చోగానే ఆయన మైకు దగ్గరికి వంగి, "గోదావరి నీటిమట్టం నలభై మూడు అడుగులకు చేరినది. మొదటి ప్రమాద హెచ్చరిక. ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలవలెను," అని తృప్తిగా తల ఊపాడు.

జనం లేచారు. తొక్కిసలాట లేదు, ఏటా చేసే పనే. చాపలు చుట్టి, ముసలివారి చేతులు పట్టుకుని కరకట్ట ఎక్కారు. మృదంగం వాయించే ఆయన సైతం మృదంగాన్ని చంకన పెట్టుకుని వారి వెంట నడిచాడు.

"భాయ్, గిదేం పని?" అన్నది చిన్నమ్మ.

"టెస్టింగ్ అక్కా. సౌండ్ మస్తుగొచ్చింది."

"సౌండొచ్చింది, జనం పోయిన్రు. ఉత్తదే అని చెప్పు, జల్దీ."

"గట్లెట్ల చెప్త? హెచ్చరిక తీసెయ్యాలంటే ఆఫీసు నుంచి కాగితం రావాలె."

"పెట్టినప్పుడు కాగితమున్నదా?"

"పెట్టింది టెస్టింగ్ గదక్కా!"

నేను కరకట్ట ఎక్కి, నీరు ఇసుకకు అవతల ఉందని చెప్పాను. పల్లీలు అమ్మే ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకు మైకున్నదా?"

"లేదు."

"మరి?"

పక్కనున్న పెద్దమనిషి, మూడో మెట్టు మునగడం తాను కళ్లారా చూశానన్నాడు. పరీక్షించదగిన వాదం అదొక్కటే. దిగివెళ్లి, ఆ మెట్టును అరచేత్తో రుద్ది, తిరిగి ఎక్కి చేయి చూపించాను. దుమ్ము తప్ప తడి లేదు.

"అవ్, ఎండింది," అని ఒప్పుకున్నాడు. "అంటే నీళ్లు తగ్గుతున్నయన్నట్టు."

మునగని మెట్టు మీద నీళ్లు తగ్గుముఖం ఎలా పడతాయని ఆయనతో వాదిస్తూ ఉండగా కరకట్ట మీద చప్పట్లు మోగాయి. వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ జంపఖానాల ముందు చిన్నమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. శ్రుతిపెట్టె ఒక్కటే తోడుగా కీర్తన మొత్తం పాడేసింది.

"ఎట్లున్నది బిడ్డా?" అని నేను దిగి రాగానే అడిగింది.

మెట్టు గొడవలో పడి వినలేదన్నాను. తర్వాత ఇంట్లో మళ్లీ పాడమంటే మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. "ఒక్కసారే పాడుతనన్న, పాడిన," అన్నది.

ఆ పాట బాగుందా? కరకట్ట మీదివారంతా అద్భుతమన్నారు. కానీ బర్రెను చూసిన సాక్షులూ వారే. భాయ్‌ను అడిగితే, స్పీకరు ఒక్కసారి కూడా కీచుమని కూయలేదన్నాడు. ఆమె నమ్మి నియమించుకున్న ఏకైక పరీక్షకుడు ఆ సమయంలో ఎండిన మెట్టును పరీక్షిస్తున్నాడు గనుక, ఆ ప్రశ్నకు ఇంతవరకు జవాబు లేదు.