అట్టపెట్టెలో యూరోపియన్ యూనియన్

భాషకు హోదా తెద్దామని బయలుదేరి, ఉన్న పరువు కాస్తా ఊడగొట్టుకున్న ప్రబుద్ధుణ్ణి చూడాలనుందా? ఎక్కడికో వెళ్ళకండి, మీ ముందే ఉన్నాను.

మాది మలేసియాలో బాగన్ దాతుక్ అనే ఊరు. అక్కడి హాలులో ఆదివారాలు పిల్లలకు తెలుగు క్లాసు జరిగేది. ఆ సమయం తమకిమ్మని బ్యాడ్మింటన్ జట్టు పట్టుబట్టింది. సభ పెట్టి తేలుస్తానన్నాడు తెలుగు సంఘం అధ్యక్షుడు అప్పలస్వామి మావయ్య. ఆ క్లాసు పోతే ఊళ్ళో తెలుగు నేర్పే చోటే ఉండదు. నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడే, నేను పనిచేసే సుంగై పెటానిలో మా ఫ్యాక్టరీ ఇంజనీరు, ఐర్లండు మనిషి బ్రెండన్, టీ తాగుతూ నా కొంప ముంచాడు.

"మా ఐరిష్ రోజూ మాట్లాడేవాళ్ళు తక్కువే. అయినా యూరోపియన్ యూనియన్‌లో అధికార భాష. అనువాదకులు చాలక కొన్నేళ్ళు అరకొరగా నడిచింది, ఇప్పుడు పూర్తి హోదా. పార్లమెంటులో ఐరిష్‌లో మాట్లాడితే అద్దాల గదుల్లోంచి అనువాదం చేస్తారు."

"మా సభకొచ్చి ఐరిష్‌లో మాట్లాడు!" అన్నాను.

"నాకు పెద్దగా రాదే."

వినయం అనుకున్నాను. మీరైనా అనుకోరూ?

సభకు నియమం నేనే పెట్టాను: ఎవరు ఏ భాషలో మాట్లాడినా తెలుగు చెయ్యాలి, తెలుగులోకి రాని మాట చెల్లదు. అద్దాల గది మనకెక్కడిది? ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు పెద్ద కిటికీ కోసి, మావయ్య భార్య సింహాచలం అత్తను అందులో కూర్చోబెట్టాను.

"ఒరే, ఉడికిపోతన్నాను లా! ఫ్యానెట్టు!" (మా మలేసియా తెలుగులో మాట చివర ఆ 'లా' తగిలించందే తోచదు.)

"యూరప్‌లో ఇలాగే కూర్చుంటారత్తా!"

"ఆల్లకి సలి రా!"

బ్రెండన్ లేచాడు. పాపం, మూడు గంటల దారిలో ఎక్కడా కారు ఆపకుండా తీసుకొచ్చాను. ఐరిష్‌లో ఒక్క వాక్యం చెప్పి ఆగిపోయాడు. హాలంతా పెట్టెవైపు తిరిగింది. ఐరిష్ అనే భాష ఒకటుందని అత్తకు ఆ ఉదయమే తెలిసింది.

"బాత్రూంకి ఎల్లొచ్చా అని అడుగుతన్నాడు," అంది పెట్టె.

బ్రెండన్‌కి చెవిలో చెప్పాను. అతను తెల్లబోయాడు. "ఆవిడకు ఐరిష్ వచ్చా? బళ్ళో నేర్చుకున్నదాంట్లో నాకు గుర్తున్న వాక్యం అదొక్కటే!"

"నీకెలా తెలిసిందత్తా?"

"బాసెందుకురా? ఆ కాల్లు సూత్తే తెలవట్లేదూ?"

బ్యాడ్మింటన్ జట్టు పడీపడీ నవ్వింది. మావయ్య నవ్వలేదు. "ఆయన్ని పంపించండి. నువ్వు సెప్పరా, క్లాసు ఎందుకుండాల?"

నేను లేచాను. ఇంట్లో ఒకటి రెండు ముక్కల తెలుగు తప్ప, వీధిలో తమిళం, బళ్ళో మలాయ్, ఫ్యాక్టరీలో ఇంగ్లీషు మాట్లాడి పెరిగినవాణ్ణి. నాలుగూ కలిపి ఆవేశంగా దంచేశాను. చప్పట్లకోసం ఆగాను.

అత్త కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఈడేటంతన్నాడో నాకు తెలీదు. ఇది మన బాస కాదు."

నియమం నాదే. నా ప్రసంగం చెల్లలేదు. క్లాసును చేతులారా ముంచేశానని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "బాసకోసం కొట్టాడేవోడికే బాస రాపోతే, క్లాసు మూసేత్తే ఎలాగ? ఆదివారం క్లాసే. ముందు ఈడ్ని కూకోబెట్టండి!"

మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా పిల్లల బెంచీమీద అ ఆలు దిద్దాను. తోడుగా ఉంటానని బ్రెండన్ కూడా చేరాడు. ఇప్పుడు రాయడం వచ్చింది కానీ, పదిమందిలో నిలబడితే నాకింకా నాలుగు భాషలూ కలిసిపోతాయి. అప్పుడు పెట్టెలోంచి నా మాటల్ని తెలుగు చేసేది బ్రెండనే.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా నోరు పలకని భాషకు హోదా అడగను. అడిగినా, దూరప్రయాణం చేయించి ముఖ్య అతిథిని తేను. తెచ్చినా, పెట్టెకు అంత పెద్ద కిటికీ చచ్చినా కొయ్యను.