పసుపు పెట్టిన ప్లేయర్

మాదాపూర్‌లో మా ఇంటి ఓనరమ్మది ఒకటే మాట. లేచిన చుట్టాన్నయినా, కదిలిన బస్సునయినా "జర ఆగుండ్రి" అనేది.

ఆమె కొడుకు పాత వీసీడీ ప్లేయర్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్త డీవీడీ ప్లేయర్ తెచ్చాడు. ఆమె దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కూతురి పెళ్లి డిస్కు వేయమంది. క్యాసెట్టుకు బూజు పడుతోందని ఇంట్లోనే కాపీ చేయించిన డిస్కు అది. పోయిన భర్త నడిచేది, నవ్వేది ఇక దానిలోనే.

తెర మీద 'నో డిస్క్' అని వచ్చింది.

"పసుపు లోపలికి పోయింది! ఖరాబ్ చేసినవ్ గదనే అమ్మా!" అని కొడుకు అరిచాడు.

ఆమె డిస్కును కొంగుతో తుడుస్తూనే ఉంది. సినిమా డిస్కు వేస్తే మాత్రం చక్కగా ఆడింది.

"అయితే డిస్కే పోయింది," అన్నాడు, ఈసారి మెల్లగా.

ఇంట్లో కాపీ చేసుకున్న డిస్కులను కొన్ని డీవీడీ ప్లేయర్లు చదవలేవని ఆఫీసులో విన్నాను. ఆ ధైర్యంతోనే డిస్కు తీసుకెళ్లి నా గదిలోని కంప్యూటర్‌లో పెట్టాను; ఆమె వెనకే వచ్చింది. డ్రైవ్ గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.

తెర మీద పెళ్లి పందిట్లో ఆమె భర్త నవ్వుతూ వచ్చి, పక్కకు వెళ్లిపోబోయాడు.

"జర ఆగుండ్రి," అందామె.

నేను పాజ్ నొక్కాను. ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుని, అప్పుడు తలెత్తి చూసింది.