జీలకర్ర పొట్లంలో పోయిన ముగింపు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నా అంత వేగంగా తెలుగు టైపు చేసేవాళ్లు కర్నూలు మొత్తంలో లేరని. రెండు, కథ రాయడం కూడా టైపు చేసినంత సులువేనని. (మొదటిది కొంతవరకు నిజమే.) డిగ్రీ కాగానే ఓ చిన్న ప్రెస్సులో చేరి, కంప్యూటరు ముందు కూర్చుని పెళ్లిపత్రికలు, బోరుబావుల కరపత్రాలు కొట్టుకుంటున్న నా దగ్గరికి ఒకనాడు కోడుమూరు నుంచి ఓ అవ్వ బియ్యం సంచి మోసుకొచ్చింది. సంచిలో బియ్యం లేవు. చనిపోయిన ఆమె మొగుడి కథలున్నాయి.

ఆయన కిరాణా అంగడి శెట్టి. మారుపేరుతో చిన్నాచితకా పత్రికల్లో హాస్యకథలు రాసి, ఊళ్లో ఒక్కరికీ చెప్పలేదు. పైగా ఆ పత్రికలు పాతబడగానే చింపి, వాటిలోనే పప్పులూ ధనియాలూ పొట్లాలు కట్టిచ్చేవాడు. ఎవరికీ తెలియకుండా పోవడానికి ఇంతకంటే పక్కా ఏర్పాటు ఏ రచయిత చేసుకుంటాడు! మిగిలిన పేజీలను అవ్వ అటక మీద నుంచి ఏరి తెచ్చింది. సంవత్సరీకం నాటికి పుస్తకం రావాలని ఆమె పట్టు. అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం ఒక కథ. అందులో మొగుడూ పెళ్లాం అలిగి మాటలు మానేస్తారు, ముందు నోరు తెరిచినవాళ్లు ఓడినట్టు. దానికే ఆఖరి పేజీ లేదు.

“యాడికి పోయిందవ్వా?” అన్నాను.

“నేనే పాపా, పాపిష్టిదాన్ని! ఆయన అన్నానికి పోతే అంగట్లో నేను కూసున్నా. చూసుకోకుండా చింపి ఎవురికో జీలకర్ర కట్టిచ్చినా. అప్పటికి నేనింకా చదవనే చదవల్యా. చివరికేం రాసినావయ్యా అంటే, ‘జీలకర్ర వాపసొస్తే చదువుకో’ అని నవ్వేటోడు. చెప్పకుండానే పాయె. ఎవుర్ని గెలిపించినాడో తెలుసుకోవాలని శానా ఆశగా ఉండాది.”

పాత పత్రికల కోసం నేనూ నాలుగు లైబ్రరీలు తిరిగాను. దొరకలేదు. అప్పుడు నా రెండో నమ్మకం లేచి కూర్చుంది. ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా కూడా తెరవకుండా ఆ ముగింపు నేనే రాసేశాను. మూడో రోజు అంగట్లో మొగుడు ఎవరికో ఉప్పుకు బదులు బట్టల సోడా కట్టిస్తుంటే, పెళ్లాం ఆగలేక “అది సోడా, నీ మొగం మండ!” అని అరిచి ఓడిపోతుంది. టైపు చేస్తూ నా హాస్యానికి నేనే పడీపడీ నవ్వాను. అవ్వకు ఫోను చేసి, పేజీ దొరికిందని చెప్పాను. అటువైపు ఆమె ఏడ్చింది. నిజం చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక మా ప్రెస్సు ఓనరు ఆ కథ పైకి చదివాడు. సోడా దగ్గర బంధువులంతా విరగబడి నవ్వారు. నేను గర్వంతో ఇంత పొడుగయ్యాను. అవ్వ మాత్రం నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది.

“ఇది నువ్వు రాసినావు గదా?”

చేతిలోని పాయసం గిన్నె గట్టు మీద పెట్టేశాను. తలూపాను.

“ఆయనైతే నన్ను ఓడించడు పాపా. నలభై ఏండ్ల కాపురంలో ఎప్పుడలిగినా ముందు పలకరించింది ఆయనే. ఉల్లిగడ్డలు యాడ పెట్టినావే అంటా, ఎదురుగానే పెట్టుకోని!”

“తప్పయిందవ్వా. ఆ పేజీ తీసేయిస్తా,” అన్నాను, కళ్లనీళ్లతో.

అవ్వ గోడ మీది ఆయన ఫోటో వైపు చూసింది. “ఉండనీలేమ్మా. ఇప్పుడు దినామూ ముందు పలకరించేది నేనే గదా. ఆయనే పలకడంల్యా,” అంది.

ఇప్పుడు జీలకర్ర ప్లాస్టిక్ కవర్లలో వస్తోంది. ఎక్కడైనా పాత అంగట్లో కాగితంలో కట్టిస్తే, ఇంటికొచ్చి దాన్ని రెండు వైపులా చదివి గానీ పారేయను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ పేజీ ఏనాటికైనా దొరికితే, నా సోడా ముగింపు కంటే బాగుంటుందని అప్పటి నాకు, ఆ టైపిస్టు పిల్లకు చెప్పాలని ఉంది. అప్పట్లో ఆ పిల్ల నమ్మేది కాదు.