పసుపు పూసిన చీటీ

ఏ పెద్ద విషయం తేలకపోయినా నాన్న రెండు చీట్లు రాసి వెంకన్న పటం ముందు పెట్టేవాడు. స్నానం చేసి వచ్చి ఒకటి తీయాలి. వచ్చిందే దేవుడి మాట. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా విజయనగరం వాళ్ళందరిదీ ఇదే వరస.

నా ఇరవయ్యో ఏట ఒకే వారంలో రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి మేనత్త తెచ్చింది, అబ్బాయికి భిలాయిలో ఉద్యోగం. రెండోది మా ఎదురింటి అబ్బాయి. అతనంటే నాకు ప్రాణం. కుళాయి దగ్గర నా బిందె నిండేదాకా రోజూ అతని సైకిలు చైను ఊడుతూనే ఉండేది! ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం నాకెక్కడిది?

ఆ రోజు నాన్న చీట్లు మడుస్తుంటే తలుపు పక్కన నించుని చూశాను. ఎదురింటి పేరు రాసిన చీటీకి పసుపు అంటింది.

"తియ్యమ్మా, జల్దీ. డ్యూటీకి టైమవుతోంది," అన్నాడు నాన్న.

చెయ్యి పసుపు దాకా వెళ్ళింది. తెలిసి తీస్తే దేవుణ్ణి మోసం చేసినట్టే కదా, ఆ పాపం అతనికి తగిలితే? నా బుద్ధి గడ్డి తిని పసుపు అంటనిది తీశాను. నాన్న అది విప్పి చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నాన్న పోయిన ఏడాదికి, కందిపప్పు ఏరుతూ అమ్మ అసలు సంగతి బయటపెట్టింది.

"ఆ పసుపు మీ నాన్నే పూశారే గుంటా. నువ్వు చూస్తున్నావని తెలిసే పూశారు. మీ అత్తకి కాదని చెప్పలేక దేవుడి మీద పెట్టారు. నీ మనసు మాకు తెలీదనుకున్నావేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నేను పసుపు లేనిది తీస్తానని దేవుడికి ముందే తెలుసా?"

"తెలియకేం?"

"తెలిసీ ఊరుకున్నాడా?"

"నువ్వు కాకరకాయ ముట్టవని నాకూ తెలుసు. అలాగని నీ చెయ్యి నేను పట్టుకుని ఆపానేటి?" అంది అమ్మ, పప్పులోంచి తలెత్తకుండా.

అప్పటిదాకా, నాకు రాసిపెట్టి లేదులే అనుకుని ఏడుపు దిగమింగేదాన్ని. ఆ కాస్త ఊరటా పోయింది. మా ఆయన మంచివాడు, ఒక్క మాట అనడానికి లేదు. అయినా ఆ అబ్బాయి కావాలని ఈ వయసులోనూ అనిపిస్తుంది, సిగ్గులేకుండా. అతన్ని నాకెందుకు ఇవ్వలేదని ఇన్నేళ్ళూ దేవుణ్ణి నిలదీశాను. నాన్న ఇచ్చాడు. నేనే తీసుకోలేదు.