షుగర్‌ను గెలిచిన మేస్త్రీ

తొంభైల్లో నేను ఖతార్‌లో ఒక కంపెనీలో టైపిస్టుని. ఒక ఉదయం దేశం ఉత్తర కొనలో ఉన్న మదీనత్ అల్ షమాల్ నుంచి దోహా వెళ్ళే బస్సులో నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. కుడి మణికట్టును మాటిమాటికీ నిమురుకుంటున్నాడు.

"చేతికి ఏమైందన్నా?" అని అడిగాను.

"షుగర్ తమ్మీ. కండ్లు మసకైనయి. మెట్టు కానరాక పడ్డ, చెయ్యి బొక్క ఇరిగింది. షుగర్ కండ్లనే గాదు, బొక్కలను గూడ ఖరాబు జేస్తదని డాక్టర్ జెప్పిండు. కండ్లకు లేజర్ వెట్టిండ్రు, చెయ్యికి కట్టు గట్టిండ్రు. ఇయ్యాల దోహాల ఫిట్‌నెస్ పరీక్ష. పాసైతేనే డ్యూటీ, లేకుంటె ఇంటికే."

అప్పటికే నాకూ షుగర్ ఉంది. కళ్ళు మాత్రం ఎప్పుడూ చూపించుకోలేదు.

సాయంత్రం తిరుగు బస్సు ఎక్కేసరికి ఆయన లోపలే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, నా బరువైన సంచిని ఆ కుడిచేత్తోనే ఎత్తి పైన పెట్టాడు.

"పాసైన తమ్మీ! కండ్లు పాస్, చెయ్యి పాస్! రేపటి సంది డ్యూటీ!"

బస్సంతా చప్పట్లు కొట్టింది. డ్రైవర్ ఇక పోదామన్నట్టు "యల్లా!" అంటూ హారన్ మోగించాడు.

ఆయన పేరు అడగనేలేదు. ఆ వారమే నేను కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.