పై అంతస్తుకు ఎక్కని వేడి

మేముండేది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోకి కొంచెం ఎగువన ఉన్న పాత ఊళ్ళో. రెండు కుటుంబాల కోసం కట్టిన చెక్క ఇల్లు మాది. కింద నేనూ మా ఆయనా ఉంటాం, పై వాటాలో ఒక వరంగల్ అమ్మాయి ఒక్కతే అద్దెకుంటోంది. మందుల కంపెనీలో ఉద్యోగం, ఎక్కువ రోజులు ఇంట్లోంచే పని. నేనూ రిటైరయ్యేదాకా అలాంటి కంపెనీలోనే క్వాలిటీ ల్యాబ్‌లో చేశాను. పరీక్ష చేయకుండా దేన్నీ నమ్మకూడదన్నది ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాననుకుంటాను. పుట్టుకతోనే వచ్చిందంటారు మా ఆయన.

ఇల్లంతటికీ బేస్‌మెంట్‌లో ఒకటే బాయిలర్. అది నీళ్ళు కాచి, పైపుల్లోంచి గదుల్లో ఉన్న ఇనుప రేడియేటర్లకు పంపుతుంది. చల్లారిన నీళ్ళు తిరిగి దానిలోకే వస్తాయి. ఎప్పుడూ అవే నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి ప్రెషర్ పెద్దగా మారకూడదు. దాన్ని చూపించే గేజ్ ముల్లు పదిహేను దగ్గర నిలబడాలి.

పోయిన చలికాలం మొదట్లో ఒక ఉదయం ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, పైన హీట్ వస్తలేదు. రేడియేటర్లు మొత్తం చల్లగున్నయ్."

"అదేంటమ్మా, కింద బాగానే వెచ్చగా ఉందే," అన్నాను.

"అవునా ఆంటీ," అని పెట్టేసింది.

బేస్‌మెంట్‌లోకి వెళ్ళి చూస్తే ముల్లు ఐదు మీదికి జారి ఉంది. ప్రెషర్ పడిపోతే నీళ్ళు పై అంతస్తుదాకా ఎక్కలేవు, కింద మాత్రం మామూలుగానే తిరుగుతాయి. నీళ్ళు నింపే వాల్వ్ తిప్పి ముల్లును పదిహేనుకు తెచ్చాను. మధ్యాహ్నానికి పైన వెచ్చబడింది. ఆ వారంలోనే మళ్ళీ పడిపోయింది. మళ్ళీ నింపాను. ఇదే వరస.

ఒక కంపెనీకి ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. నీళ్ళు వేడెక్కి ఉబ్బినప్పుడు ఆ ఉబ్బును తట్టుకోవడానికి బాయిలర్ పక్కన ఒక చిన్న ట్యాంకు వేలాడుతూ ఉంటుంది. లోపమంతా దానిదేనని చెప్పి కొత్తది బిగించి వెళ్ళాడు. ముల్లు మళ్ళీ పడింది. రెండోసారి వచ్చినప్పుడు బాయిలర్ లోపల పగిలిందనీ, నీళ్ళు ఆవిరై పొగగొట్టంలోంచి పోతున్నాయనీ, కొత్త బాయిలర్ పెట్టించుకోవడం తప్ప దారి లేదనీ అన్నాడు.

"పగులు చూశారా?" అని అడిగాను.

చూడలేదట. అనుభవంతో చెప్పాడట. అనుభవం సంగతేమోగానీ, అతను బేస్‌మెంట్ మెట్లు దిగకముందే చేతిలో కొత్త బాయిలర్ల బ్రోచర్ పట్టుకుని ఉండటం నేను చూశాను. ఆలోచించుకుని చెబుతామని పంపేశాను.

"పాపం, అతనికి అబద్ధం చెప్పాల్సిన అవసరమేంటి?" అన్నారు మా ఆయన.

"అవసరం ఆ బ్రోచర్‌లో ఉంది," అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి కదా. మా గదుల్లో చుక్క తడి లేదు, బేస్‌మెంట్ నేల పొడిగా ఉంది. ఇక మిగిలింది పై వాటా. పైనుంచి దిగే పైపుల్లో అప్పుడప్పుడూ గుడగుడమని చప్పుడు వినిపించేది. రేడియేటర్లకు గాలి వదలడానికి పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని ఎక్కువ తిప్పితే నీళ్ళే వస్తాయి. ఈ పిల్ల ఏ వీడియోనో చూసి వాటిని తిప్పుతోందేమోనని అనుమానం పట్టుకుంది.

అనుమానం ఒకసారి దూరాక ప్రతీదీ దానికి సాక్ష్యంలాగే కనబడింది. అంతకుముందు నేను గోంగూర పచ్చడి పంపిస్తే అదే గిన్నెలో సకినాలో, గారెప్పలో, ఏదో ఒక పిండివంట పెట్టి తెచ్చేది. ఇప్పుడు గిన్నె కడిగి, ఖాళీగా, మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తలుపు కూడా తట్టలేదు. ఇంకో రోజు నేను బేస్‌మెంట్‌లోకి దిగేసరికి, అక్కడున్న వాషింగ్ మెషీన్ కోసం తప్ప ఆ వైపు రాని మనిషి బాయిలర్ ముందు నిలబడి ఫోన్‌తో గేజ్‌ను ఫోటో తీస్తోంది. నన్ను చూసి ఫోన్ స్వెటర్ జేబులో వేసుకుంది.

"ఏమ్మా, ఏం చూస్తున్నావు?"

"ఏం లేదాంటీ. మెషీన్ల బట్టలేద్దామని వచ్చిన."

మెషీన్ ఖాళీగా ఉంది. బుట్ట కూడా కనబడలేదు.

ఎవరి మాటా వినకుండా నేనే తేల్చుకుందామనుకున్నాను. బాయిలర్ నుంచి రెండు వరసల పైపులు బయల్దేరతాయి, ఒకటి కింది వాటాకు, ఒకటి పై వాటాకు. దేనికి దానికి మూసే వాల్వులున్నాయి. ముందు రెండూ మూసేసి బాయిలర్‌ను ఒంటరిగా ఉంచాను. చల్లారినకొద్దీ ముల్లు కాస్త దిగి, అక్కడే నిలిచిపోయింది. సాయంత్రం దాకా కదల్లేదు. అంటే బాయిలర్ పగల్లేదు. బ్రోచర్ మనిషి విషయంలో నేను పొరపడలేదు.

ఇక పైపులు చూడాలి. పైకెళ్ళి తలుపు తట్టాను. సగం తెరిచి నిలబడింది.

"ఒక రోజు పైకి నీళ్ళు ఆపి చూడాలమ్మా. సాయంత్రానికి మళ్ళీ వదిలేస్తాను."

"నాదే ఎందుకాంటీ? మీది ఆపి చూడొచ్చు గదా."

"రెండూ చూడాలి. ముందు నీది చూస్తే తేలిపోతుందని."

"ఏం తేలిపోతది?"

నేను తన భుజం మీదుగా గదిలోని రేడియేటర్ వైపు చూశాను. తను తలుపుకు అడ్డంగా జరిగింది.

"ముందు మీది బంద్ చేయండి," అంది చివరికి. "నేను కిందికొచ్చి చూస్త."

మర్నాడు అలాగే చేశాం. నేను కింది వాటా వాల్వులు మూస్తుంటే పక్కనే నిలబడి చూసింది. కాసేపటికి మళ్ళీ వచ్చి పైపు మీద చెయ్యి పెట్టి చల్లబడిందో లేదో కూడా చూసుకుంది. నేనూ మా ఆయనా కోట్లు వేసుకుని, శాలువాలు కప్పుకుని కూర్చున్నాం. పైన మాత్రమే హీట్ నడుస్తోంది. సాయంత్రానికి ముల్లు బాగా దిగిపోయింది. తర్వాతి రోజు పై వాటా మూసి, కింద నడిపాం. ముల్లు నిలబడింది.

లీకు పై వాటా పైపుల్లోనే అని తేలింది. నా ముఖంలో ఏం కనిపించిందో గానీ, మా ఆయన, "నువ్విప్పుడు పైకి వెళ్ళకు, కాస్త ఆగు," అన్నారు. టిష్యూల పెట్టె తీసుకుని పైకెళ్ళాను.

ఆ అమ్మాయి ఈసారి తలుపు పూర్తిగా తీసింది. ప్రతి రేడియేటర్ కిందా, ప్రతి బిగింపు చుట్టూ టిష్యూ ఒత్తి చూశాను. ఒక్కటీ తడవలేదు. స్క్రూల మీద పాత రంగు పెచ్చు కూడా ఊడలేదు. ఎవరూ తిప్పలేదని దాన్ని చూస్తేనే తెలుస్తోంది. అయినా అడిగాను.

"వీటిని ఎప్పుడైనా తిప్పావా?"

"ఒక్కసారి గూడ ముట్టలే. నేనెందుకు ముట్టుకుంట ఆంటీ?"

"గుడగుడమని చప్పుడు వస్తుంటే, నువ్వు నీళ్ళు వదిలేస్తున్నావేమో అని..."

"నాక్కూడ వినిపిస్తది. మీరే కింద నీళ్ళు తీసేస్తున్నరనుకున్న."

"నేనా? నేనెందుకు తీస్తానమ్మా?"

"మీకు మంచిగ వెచ్చగుంటది, నాకొక్కదానికే చల్లగుంటది. మీ అన్న కొడుకు జాబ్‌కి ఇటు వస్తుండని మీరే చెప్పిన్రు. ఆయన కోసం నన్ను ఖాళీ చేయించాలని చూస్తున్నరని మా ఫ్రెండ్స్ అన్నరు. నాక్కూడ అట్లనే అనిపించింది. హీట్ ఇస్తలేరని టౌన్ ఆఫీస్‌కి కంప్లైంట్ ఇద్దామనే ఫోటోలు తీసిన."

"ఇచ్చావా?"

"ఇంక ఇయ్యలే."

ఆ 'ఇంక' నా చెవిలో పడింది.

"గిన్నె?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"ఖాళీగ ఇయ్యొద్దని నాకు తెల్వదా ఆంటీ? కోపంతోనే అట్ల ఇచ్చిన."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. తనే కొళాయి తిప్పి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, "మరి వెనక రోజూ వేడినీళ్ళు పారబోస్తున్నరు గదా, అవెక్కడివి?" అంది.

"ఎక్కడ పారబోస్తున్నాను?"

వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పెరడంతా మంచు పరుచుకుని ఉంది. మా వెనక వరండా గోడను ఆనుకుని, చాప పరిచినంత మేర మాత్రం మంచు లేదు. నల్లటి తడి మట్టి. దాని మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

"మంచు పడ్డప్పటి నుంచి చూస్తున్న. బాయిలర్‌ల నీళ్ళు తీసి అక్కడ పోస్తున్నరని..."

మాట పూర్తి కాకముందే ఇద్దరికీ అర్థమైంది. మేము చలికాలంలో ఆ వరండా తలుపు తీయం. అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి, కిటికీ కూడా కనబడదు. ఆ మట్టి కనిపించేది ఒక్క తన వంటింట్లోంచే. ఆ వంటింటి రేడియేటర్‌కు వెళ్ళే పైపును, పాత యజమానులెవరో వరండా నేల కిందుగా తిప్పి వెనక గోడలోంచి పైకి ఎక్కించారు. మా ఆయన పెట్టెలు జరిపి, నేలలో ఉన్న చెక్క మూత ఎత్తి టార్చి వేశారు. వంపు దగ్గర పైపులోంచి వేడినీళ్ళు కారి మట్టిలోకి ఇంకిపోతున్నాయి. పోయిన నీళ్ళ చోట గాలి చేరి అంత గుడగుడ చేసింది.

"ఎవరూ దొంగ కాదన్నమాట," అన్నారు మా ఆయన, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ. నేనూ ఆ అమ్మాయీ నవ్వాం గానీ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వేరే ప్లంబర్‌ను పిలిపించాం. వరండా నేల చెక్కలు కొన్ని లేపి, పాడైన ముక్క తీసేసి, కొత్త పైపు వేసి, చలి తగలకుండా చుట్టూ ఫోమ్ తొడుగు వేసి వెళ్ళాడు.

మర్నాడు ఉదయం కాఫీ కూడా తాగకుండా బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆ అమ్మాయి అప్పటికే అక్కడుంది. ఈసారి బట్టల సాకు చెప్పలేదు.

"చూద్దామని వచ్చిన ఆంటీ."

"నేనూ అందుకే."

ముల్లు పదిహేను మీద ఉంది. తను వంగి గేజ్ అద్దం మీద వేలితో కొట్టి చూసింది. "ముల్లే ఇరుక్కున్నదేమో?"

"ఇరుక్కోలేదు. నిన్న నింపుతుంటే కదిలింది."

"ఆ ప్లంబర్ తీసేసిన పైపు మనకి చూపించిండా?"

"లేదు."

"ఎందుకు చూపియ్యలే?"

నిద్ర లేచినప్పటి నుంచి నా మనసులో ఉన్నదీ అదే ప్రశ్న. ఇద్దరం కోట్లు తగిలించుకుని వెనక్కి వెళ్ళాం. చెత్త డబ్బా పక్కన మంచులో పైపు ముక్క పడి ఉంది. వంపు దగ్గర పచ్చగా చిలుము పట్టి, గుండుసూది దూరేంత కన్నం. నేను ఒక చివర నుంచి ఊదాను, తను కన్నం దగ్గర చెయ్యి పెట్టి గాలి వస్తోందంది. తర్వాత తను ఊదింది, నేను చెయ్యి పెట్టాను.

ఆ చలికాలమంతా ముల్లు కదల్లేదు. మా అన్న కొడుకును వేరే చోట అపార్ట్‌మెంట్ చూసుకోమన్నాను. ఆ అమ్మాయి ఇంకా పైనే ఉంది. అప్పుడప్పుడూ బేస్‌మెంట్‌లో ఎదురుపడతాం. ఎందుకొచ్చారని తను నన్నడగదు, నేనూ తనని అడగను.