కొడిమ్యాల చేనులో నిలువురాయి

ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకు కొడిమ్యాల దగ్గర ఒక మొక్కజొన్న చేను ముందు ఆటో దిగాను. రాజమండ్రి నుంచి అంత దూరం వచ్చింది ఆ చేనులోని నిలువురాయిని చూడడానికే. దాన్ని పెకిలించడానికి నాకంటే ముందే జేసీబీ వచ్చి ఉంది. కోత మిషన్ తిరగడానికి రాయి అడ్డమట.

అది రెండు వేల ఏళ్లు దాటిన సమాధి గుర్తు అని చేను యజమాని మల్లయ్యకు చెప్పాను.

“గంత పాతదైతే ఇంకెన్నేండ్లు ఉంచాలె అవ్వా?” అన్నాడు.

అతని భార్య లచ్చవ్వ వాదించలేదు. పని నడుమ కూర్చుని సద్ది తినడానికి ఆ చేనంతటికీ ఆమెకున్నది ఆ రాయి నీడ ఒక్కటే. ముందే కొంగున కట్టుకొచ్చిన పసుపు తీసి రాయికి పూసింది, కుంకుమ బొట్టు పెట్టింది.

జేసీబీ డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. “నేను ముట్ట కాకా. నాకు పిల్లలున్నరు.”

“మా తాత నాడు లేని దేవుడు గిప్పుడెట్ల అచ్చిండే?” అని మల్లయ్య భార్య మీద అరిచాడు.

“నేను తోలుకచ్చిన” అని ఆమె నావైపు తిరిగింది. “చెప్పులిడువు అవ్వా, దేవుని ముంగట నిలబడ్డవు.”

విడిచాను. తిరుగుముఖం పట్టిన జేసీబీ వాటి మీదుగా వెళ్లింది.

రాయికి ఏమీ కాలేదు. పోయినవి గుప్పెడు పసుపు, డ్రైవరుకు ఒక పూట పని, నాకు ఒక జత చెప్పులు.